పాము ముందే చెప్పింది

మా క్వారీలో ఏడాదికోసారి చెవుల పరీక్ష ఉండేది. ఒక తెల్ల వ్యాన్ వచ్చి గేటు దగ్గర ఆగేది. ఒక్కొక్కరం లోపలికి వెళ్ళి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని, చేతిలో చిన్న బటన్ పట్టుకుని కూర్చోవాలి. చప్పుడు వినబడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. పరీక్ష చేసే మనిషి మనకు వీపు చూపిస్తూ తన మిషన్ ముందు కూర్చునేవాడు. అతను చప్పుడు వదిలిన ప్రతిసారీ అతని కుడి మోచెయ్యి కొంచెం కదిలేది. ఆ మోచెయ్యిని చూసి నొక్కితే పాస్. క్యాంపులో నాకంటే ముందు వచ్చినవాళ్ళు ఈ సంగతి చెప్పారు. కొత్తగా దిగినవాడికి మెస్ ఎక్కడుందో, బాత్రూముల్లో నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పినట్టే మోచెయ్యి గురించి కూడా చెప్పేవాళ్ళు.

మొదటి రెండేళ్ళు నాకు దాని అవసరం లేదు, అయినా సరదాకి చూసేవాణ్ణి. తర్వాత అది లేకుండా గడవలేదు.

దుబాయ్‌కి ఉత్తరాన రాస్ అల్ ఖైమా కొండల్లో రాయి పగలగొట్టే క్రషర్ దగ్గర, ఈ పాము సంగతి జరిగేనాటికి, నాది పదకొండేళ్ళ నౌకరి. చెవుల్లో పెట్టుకోమని స్పాంజి బిరడాలు ఇచ్చేవాళ్ళు. ఎండలో చెమటకు అవి ఉబ్బి జారిపోయేవి. పైగా అవి పెట్టుకుంటే ఫోర్మన్ పిలుపు వినబడదు, వినబడకపోతే తిట్లు. అందుకని జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళం. చెవుడు ఒక్కసారిగా రాలేదు. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. కుక్కర్ విజిల్ పోయింది, ఫోన్ మోత పోయింది, పొద్దున కిటికీ దగ్గరి పిచ్చుకలు పోయాయి. మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సగం, గొంతు విని సగం పట్టుకునేవాణ్ణి. ఇంటికి వీడియో కాల్ తప్ప మామూలు ఫోన్ చేయడం మానేశాను. తమ ముఖాలు చూడకుండా ఉండలేకే అనుకుని మా ఆవిడ మురిసిపోయింది.

ఈ సంగతి తెలిసిన మనిషి క్యాంపు మొత్తంలో ఒక్కడే. మా పక్క మండలంవాడు, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి. దుమ్ము లేవకుండా క్వారీ బాటల మీద నీళ్ళు చల్లే ట్యాంకర్ నడిపేవాడు. అద్దాలు ఎత్తి ఏసీలో కూర్చునే పని కాబట్టి అతని చెవులు దక్కాయి. గదిలో నాది పై మంచం, అతనిది కింది మంచం. నా అలారం మోగితే అతను లేచి నా కాలు తట్టి లేపేవాడు. మెస్‌లో ఎవరైనా వెనక నుంచి పిలిస్తే గడ్డంతో అటు చూపించేవాడు. "అన్నకు దేవుడు చెవులిచ్చిండు, కంపెనీ వాపస్ తీసుకున్నది" అని ఒకసారి నవ్వాడు. చుట్టూ ఎవరూ లేనప్పుడే అన్నాడు. అలాంటి విషయాల్లో అతనికి చాలా లెక్క ఉండేది.

కరోనా తగ్గిన తర్వాతి ఏడాది, చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో మా క్వారీని వెనక కొండ వైపు పెంచాలనుకున్నారు. తవ్వేముందు ఆ కొండల్లో జింకలు ఉన్నాయో లేవో చూడాలని సర్కారు షరతు. ఆ సర్వే కోసం ఒక మలయాళీ మేడం వచ్చింది. ఆమెకు సామాను మోయడానికి ఒకరు, పికప్ నడపడానికి ఒకరు కావాలన్నారు. జంతువుల అడుగులు గుర్తుపట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఫోర్మన్ అడిగితే నేను చెయ్యెత్తాను. మా ఊరు అడవి అంచున ఉంటుంది. చిన్నప్పుడు మా బాపుతో మంచె మీద కూర్చుని మక్కచేను కావలి కాశాను. జింక గిట్ట ఎలా పడుతుందో, మేక గిట్ట ఎలా పడుతుందో నాకు తెలుసు. అబద్ధం చెప్పలేదు. కానీ అసలు కారణం, రెండు వారాలు క్రషర్ మోతకు దూరంగా ఉండొచ్చని. డ్రైవర్‌గా మా కింది మంచం తమ్ముణ్ణే అడిగి తీసుకెళ్ళాను. నేను అతన్ని తమ్మీ అనే పిలిచేవాణ్ణి. అడిగి తీసుకెళ్ళింది నేనే.

మొదటి రోజు కొండ మొదట్లో పికప్ ఆపి, మేడం మమ్మల్ని బండి వెనక తలుపు మీద కూర్చోబెట్టి పాముల గురించి చెప్పింది. హిందీ బాగా మాట్లాడేది, తాపీగా మాట్లాడేది, నాకు అన్నీ అందాయి. ఎండ ముదిరేకొద్దీ పాములు బయటికి వస్తాయంది. కంటికి కనబడని చోట చెయ్యి పెట్టొద్దు. రాయి దాటాల్సి వస్తే ముందు రాయి మీద కాలు పెట్టి, అవతల చూసి అప్పుడు దిగండి. కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, పరుగెత్తొద్దు. ఫోన్‌లో ఆ పాము ఫొటో చూపించింది. మూరెడు ఉంటుంది, రాతి రంగు, ఒంటి మీద మచ్చలు. మా వైపు పొడపాముకు చిన్న చుట్టంలా ఉంది.

ఆ పాములో ఒక మంచి గుణం ఉందని చెప్పింది. చుట్ట చుట్టుకుని తన పొలుసుల్ని ఒకదానికొకటి రాసి చప్పుడు చేస్తుందట. నన్ను తొక్కొద్దని ముందే చెబుతుందట. ఆ చప్పుడు వినబడిందంటే ఉన్నచోటే ఆగిపోవాలి, అది ఎక్కడుందో చూసుకుని వెనక్కి రావాలి. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలంది. ఫోన్‌లో ఆ చప్పుడు రికార్డు ఉంటే పెట్టింది.

మా తమ్ముడు మెడ ముందుకు చాచి విన్నాడు. "ఇసుకల మక్కపేలాలు ఏంచినట్టున్నది" అన్నాడు నాతో. మేడం నా వైపు చూసింది. నాకు ఏమీ వినబడలేదు. ఫోన్ మీద గీతలు కదులుతున్నాయి, అంతే. వినబడుతోందా అని ఆమె అడిగింది. నేను గంగిరెద్దులా తలూపాను.

ఆ క్షణంలో చెప్పి ఉండొచ్చు. చెబితే ఆమె ఇంకెవరినైనా పెట్టుకునేది. మాట ఆఫీసుకు పోయేది, వ్యాన్‌లో నన్ను ఈసారి ఎవరో పక్కన నిలబడి పరీక్ష చేసేవాళ్ళు, నెల తిరగకుండా ఎయిర్‌పోర్ట్‌లో ఉండేవాణ్ణి. నలభై ఆరేళ్ళ చెవిటివాణ్ణి ఎవరు పెట్టుకుంటారు? ఇవన్నీ నిజాలే. కానీ ఆ పూట నేను ఇంత ఆలోచించలేదు. అలవాటుగా తలూపాను, అంతే.

మా తమ్ముడు నన్ను చూశాడు. మేడం బ్యాగులు తీస్తుంటే దగ్గరికి వచ్చి, నేను ముందు నడుస్తా, నువ్వు మధ్యలో ఉండు అన్నాడు. వద్దన్నాను. ముందు నువ్వు నడిస్తే అడుగులన్నీ తొక్కేస్తావు, నేను ఇక చూసేదేముంటుంది అని కసిరాను. నిజానికి నాకు గర్వం వచ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఎవరో నన్ను నాకు తెలిసిన పని అడిగారు, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాతి తొమ్మిది రోజులు గల్ఫ్ వచ్చాక నేను గడిపిన మంచి రోజులని చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. తెల్లవారగానే వాదీలో, అంటే అక్కడి కొండవాగులో, నడక మొదలు. నీటి మడుగుల దగ్గర తడి మట్టిలో గిట్టలు వెతికేవాణ్ణి. మేకలవి చాలా కనబడేవి. నాలుగో రోజు రెండు కొనలూ సన్నగా కలిసిన జత గిట్టలు కనబడ్డాయి, కొంచెం పైన నల్లటి చిన్న పెంటికలు. చేతిలోకి తీసుకుని నలిపి వాసన చూసి జింకే అన్నాను. మేడం మోకాళ్ళ మీద కూర్చుని ఫొటోలు తీసుకుంది. ఆ దారిలో రాళ్ళకు కెమెరాలు కట్టాం. ముందు నుంచి ఏది కదిలినా వాటంతట అవే ఫొటో తీస్తాయి. మేడం నన్ను ఉస్తాద్ అని పిలవడం మొదలుపెట్టింది. మా తమ్ముడు పడీ పడీ నవ్వేవాడు. వెనకే నడుస్తూ, ప్రతి మలుపులోనూ నా భుజం మీద చెయ్యి వేసి కుడివైపు, ఎడమవైపు అని చూపించేవాడు. దారి చూపిస్తున్నాడని మేడం అనుకుంది. నా బదులు వింటున్నాడని నాకు తెలుసు.

పదో రోజు ఒక కెమెరాలో బ్యాటరీ మార్చాలి. ఎండ అప్పుడే రాళ్ళ మీదికి దిగుతోంది. మేడం కింద మడుగు దగ్గర ఆగింది, మేమిద్దరం పైకి వెళ్ళాం. దారి సన్నగా ఉంది, ఒక వైపు మోకాలెత్తు రాతి గట్టు. నాకు నేల మీద కొత్త పెంటికలు కనబడ్డాయి, రాత్రివే. తల వంచుకుని వాటి వెంటే పోతున్నాను. ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పటికీ గుర్తుంది.

వెనక నుంచి నా బ్యాగును ఎవరో గట్టిగా గుంజారు. వెల్లకిలా పడబోయి ఆపుకున్నాను. మోకాలు రాయికి కొట్టుకుంది. "ఏందిరా నీ ఆగం?" అని అరిచాను. తిరిగి చూస్తే అతను తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను కాలు వేయబోయిన చోట, గట్టు కింది నీడలో, ఆ పాము చుట్టలు తిప్పుతూ ఉంది. దాని ఒళ్ళంతా కదులుతోంది. నాకు మాత్రం కొండంతా నిశ్శబ్దంగా ఉంది.

"రెండుసార్లు పిలిచిన అన్నా" అన్నాడు.

ఒక చేత్తో నన్ను గుంజడానికి ముందుకు వంగి, ఇంకో చెయ్యి గట్టు అంచున ఆనించాడు. ఆ చేతికే తగిలింది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య. నేను మెడలోని తువాలు తీసి మణికట్టు పైన కట్టబోయాను, మా ఊళ్ళో అదే చేస్తారు. వద్దన్నాడు. మేడం కట్టొద్దన్నది కదా అన్నాడు. ఆమె చెప్పిన ప్రతి మాటా విన్న మనిషి.

మా అరుపులకు మేడం పైకి వచ్చాక, చేతికి కర్ర ఆనించి మెడ నుంచి వేలాడదీశాం. అక్కడ ఫోన్ పని చేయదు. బండి దగ్గరికి గంట నడక, అతన్ని నడిపించకూడదు, కానీ వేరే దారి లేదు. కొంతదూరం వీపున మోశాను, కొంతదూరం భుజాన్ని పట్టుకుని నడిపించాను. దించిన ప్రతిసారీ చెయ్యి ఇంకొంచెం లావైంది. బండి చేరేసరికి చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. పళ్ళు ఎర్రగా చేసుకుని, పాన్ తిన్నట్టున్నానా అని అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. మేడం తనే బండి నడిపింది. ఆ గతుకుల బాటలో అతని తల నా ఒళ్ళో ఉంది, పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఊగే బండిలో ఒక్క మాట కూడా పట్టుకోలేకపోయాను. అన్నింటికీ ఆఁ అంటూ పోయాను. ఏం చెప్పాడో తర్వాత అడిగితే అతనికీ గుర్తులేదు.

ఆసుపత్రిలో విరుగుడు ఎక్కించారు. మూడు రోజులు రక్తం గడ్డకట్టలేదు. ప్రాణం ఉంటుందో పోతుందో డాక్టర్లు చెప్పలేదు. నాలుగో రోజు ప్రాణానికి భయం లేదన్నారు, చేతి సంగతి చూడాలన్నారు.

ఆ నాలుగో రోజే సేఫ్టీ ఆఫీసర్ నన్ను పిలిపించాడు. బల్ల మీద ఫారం పెట్టుకుని హిందీలో అడిగాడు. పాము చప్పుడు చేసిందా? డ్రైవర్ ఆసుపత్రిలో చేసిందని చెప్పాడట. మరి నువ్వు ముందున్నావు కదా, నీకు వినబడిందా?

వినబడలేదంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. వినబడిందంటే ఎందుకు ఆగలేదని అడుగుతాడు. అందుకని రెండింటికీ కలిపి ఒకే జవాబు చెప్పాను.

"వినబడింది సాబ్. నేను ఆగిపోయాను. అతనే ముందుకొచ్చి గట్టు మీద చెయ్యి పెట్టాడు."

ఆఫీసర్ ఒక్కో మాటా రాసుకున్నాడు. చూడకుండా చెయ్యి పెట్టొద్దని మీకు ముందే చెప్పారా అని అడిగాడు. చెప్పారన్నాను. ఖలాస్, సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. సూచన పాటించకపోవడం వల్ల జరిగిన ప్రమాదం అని ఆ కాగితం మీద ఉంది. తప్పంతా నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్‌ది.

ఆ సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. అతనికి చెప్పకుండా ఉండలేకపోయాను. మొహం చెల్లలేదు, మంచం ఊచను చూస్తూ చెప్పాను. చెప్పి, తిడతాడని ఎదురుచూశాను. జవాబు లేదనుకుని తలెత్తితే అతని పెదాలు కదులుతున్నాయి. నేను చూడట్లేదని గ్రహించి మళ్ళీ మొదటి నుంచి, మెల్లగా చెప్పాడు.

"మంచిగ చెప్పినవ్ అన్నా. నా చెయ్యి ఎట్లయినా పాయె. ఇద్దరం ఎందుకు ఇంటికి పోవుడు?"

అడిగితే నేనూ అదే చెబుతానన్నాడు, చెప్పాడు కూడా. తర్వాతి వారం బొటనవేలు, చూపుడువేలు తీసేశారు. పెద్ద బండి లైసెన్స్‌కు ఆ చెయ్యి పనికిరాదు. కంపెనీ టికెట్ ఇచ్చి పంపించేసింది. అతని సామాను నేనే సర్దాను. ఎడమచేత్తో నాకు చేయి కలిపి, అలారం పెట్టుకుంటే ఫోన్ దిండు కింద కాదు, ఛాతీ మీద పెట్టుకో, వణికితే తెలుస్తుందని చెప్పాడు.

అతను వెళ్ళిన కొన్నాళ్ళకు మేడం కెమెరాలు తీసుకెళ్ళడానికి వచ్చి నన్ను పిలిచింది. ఆఫీసు వెనక నీడలో నిలబడి ల్యాప్‌టాప్ చూపించింది. మేము బ్యాటరీ మార్చబోయిన కెమెరాలో ఇంకా కొంచెం ప్రాణం ఉందట. అందులో మూడు ఫొటోలు ఉన్నాయి. మొదటిదానిలో నేను తల వంచుకుని వస్తున్నాను. రెండోదానిలో వెనక అతను నోరు తెరిచి, చెయ్యెత్తి ఉన్నాడు, నేను అలాగే నడుస్తున్నాను. మూడోదానిలో అతను నాకు ఇంకా దగ్గరగా ఉన్నాడు, నోరు ఇంకా పెద్దగా తెరిచి ఉంది, నా మొహం మీద చిన్న నవ్వు ఉంది. పెంటికల్ని చూసి నవ్వుతున్నాను.

ఆ రోజు నేను ఫోన్‌లో పెట్టిన చప్పుడు నీకు వినబడిందా అని ఆమె అడిగింది. ఈసారి తలూపలేదు. లేదన్నాను. ఆమె ల్యాప్‌టాప్ మూసింది. ఈ ఫొటోలు నేను ఎవరికీ ఇవ్వను, ఇస్తే నా చేత్తో నీ ఉద్యోగం తీసినట్టు అవుతుంది, కానీ అతని కాగితం మీద తప్పు రాసి ఉంది, దాన్ని దిద్దాల్సింది నువ్వు అంది. నేను దిద్దుతానన్నాను. వారం అన్నాను. ఆ వారం అయిపోయి నాలుగేళ్ళవుతోంది. కొండను ఇప్పుడు ఆ గట్టు దాకా తవ్వేశారు. జింక ఫొటో ఒక్కటి కూడా పడలేదు, పెంటికలు మాత్రమే సాక్ష్యంగా సరిపోవన్నారట.

ఆ కాగితం ఏం చేసిందో నాకు పోయిన ఏడాది తెలిసింది. ఒక సెలవు రోజు మా తమ్ముడు ఊరి నుంచి వీడియో కాల్ చేశాడు. అతను నాకు ఎప్పుడూ వీడియో కాలే చేస్తాడు, ముఖం వెలుతురు వైపు పెట్టుకుంటాడు. ఇప్పుడు కిరాణా కొట్లో తూకం దగ్గర కూర్చుంటున్నాడు. మాట్లాడుతుండగా వాళ్ళావిడ ఫోన్ తీసుకుంది. నేను ఆమెను చూడటం అదే మొదలు. ఆమె నన్ను అన్నా అంది. చెవి దగ్గర చెప్పినట్టు చప్పుడు చేసే గుణం ఆ పాముకుంటే, ఈయన విని కూడా చెయ్యి పెట్టిండని కంపెనీ కాగితంల రాసిండ్రు, ఊళ్ళె అందరు నవ్వుతున్నరు, పెద్దోడు బడిల కొట్లాట పెట్టుకుని వచ్చిండు అని చెప్పింది. తర్వాత నా కళ్ళలోకి చూసి అడిగింది.

"మీరు ముంగట నడిచిండ్రు గద అన్నా. అసలు ఏమైందో మీరన్న చెప్పుండ్రి."

ఆమె పెదాలు స్పష్టంగా కనబడ్డాయి. వినబడలేదని తప్పించుకునే వీలు లేదు. నోరు తెరిచాను. అంతలో అతను పక్క నుంచి వచ్చి, ఆమె వైపు తిరిగి ఏదో చెప్పాడు. అతని వీపు తప్ప నాకు ఏమీ కనబడలేదు. రెండు వేళ్ళు లేని చెయ్యి ఒకసారి గాల్లో లేచి దిగింది. ఎంతసేపు చెప్పాడో, ఏమేం చెప్పాడో నాకు ఒక్క ముక్క అందలేదు. నాకు కనబడకుండా అటు తిరిగి చెప్పాడని మాత్రం అర్థమైంది.

ఆమె మళ్ళీ ఫోన్ వైపు తిరిగింది. కళ్ళు తుడుచుకుంది.

"పోనియ్యుండ్రి అన్నా. మీరన్న ఇని ఆగిండ్రు. ఇద్దరికీ కాలేదు, గంతే చాలు."

నేను తలూపాను.